రెండూ అసలే

లక్ష్మణరావు పొద్దున్నే దేవుడి పటానికి దండం పెట్టుకోవడానికి ముందే చేసే పని ఒకటుంది. కంప్యూటర్ తెరిచి గూగుల్‌లో తన పేరు తానే వెతుక్కుంటాడు. "లక్ష్మణ తాండ్ర, విజయనగరం" అని కొడితే అందరికంటే పైన ఆయన సైటు వస్తుంది. అందులో ఆయన నిలువెత్తు ఫోటో, వెనక తండ్రిగారి పటం, పక్కన ఎండలో పరిచిన తాండ్ర చాపలు. అది చూసుకున్నాకే కాఫీ గొంతు దిగుతుంది. పొద్దున్నే అద్దంలో ముఖం చూసుకునేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు గాని, ఆ ముఖం నిన్న పెట్టిన చోటే ఉందా లేదా అని రోజూ తనిఖీ చేసుకునేవాడు ఆయనొక్కడే.

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవి అది. మామిడి మంచి కాపు మీదుంది. విశాఖలో నాలుగైదు సూపర్‌మార్కెట్లు నడిపే సంస్థ ఒకటి తమ కొట్లలో ఇక్కడి మామిడి తాండ్ర పెట్టాలనుకుంది. కొనుగోళ్లు చూసే యమున అనే ఆవిడ ముందు రోజే ఫోన్ చేసి, "వచ్చే వారం వచ్చి మాట్లాడతామండి. ఈలోగా మీ వెబ్‌సైట్ చూసుకుంటాం," అంది. కాబట్టి ఆ పూట లక్ష్మణరావు చెయ్యవలసినదల్లా సైటు ఓసారి చూసుకోవడం, మంచి చొక్కా ఇస్త్రీకి ఇవ్వడం, గంటస్తంభం దగ్గరున్న కొట్టు తెరవడం. ఇంతకంటే సులువైన పనులు పెట్టుకున్న మనిషి ఆ రోజు జిల్లాలో మరొకడు ఉండడు.

పేరు కొట్టాడు. సైటు వచ్చింది. తన ఫోటోయే. తండ్రిగారి పటమే. "నకిలీలను చూసి మోసపోకండి" అని ఎర్రక్షరాలతో తాను రాయించుకున్న హెచ్చరికే. అయితే పైన చిరునామా దగ్గర చూపు ఆగిపోయింది. చివర 'డాట్ కామ్' అని ఉండాల్సిన చోట 'డాట్ ఇన్' అని ఉంది. వెనక్కి వెళ్లి కిందికంతా వెతికాడు. డాట్ కామ్ జాడ లేదు. నెల్లిమర్ల జనపనార మిల్లు వచ్చింది, ఎవరిదో పెళ్లిళ్ల పందిరి సామాను కొట్టు వచ్చింది, తాను మాత్రం రాలేదు.

కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఒసే పద్మా, దొంగోడు పడ్డాడే," అన్నాడు.

పద్మకుమారి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు బీరువా వైపు చూసింది. బీరువా తలుపులు వేసే ఉన్నాయి. "ఏటి పోయిందండి?"

"నేను పోయాను."

పద్మకుమారి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. ఉన్నాడు.

"ఇలా సూడు. ఎవడో మన సైటు సైటంతా ఎత్తుకుపోయి, ఆఖర్న డాట్ ఇన్ అని తగిలించి పైకెక్కి కూకున్నాడు. మనదాన్ని ఎక్కడికో తోసీసినాడు. మా నాన్న పటం కూడా ఒగ్గలేదు యెదవ."

"మీరు బాగానే కనపడతన్నారు కదండి ఇందులో."

"అదే కదే దొంగతనం."

"ఆ సైటు మా తమ్ముడు కట్టిందే కదా. ఆడికో పాలి ఫోన్ సేసి కనుక్కోండి."

ఆ తమ్ముడు ధర్మేంద్ర. నెల్లిమర్లలో కంప్యూటర్లు నేర్పే సెంటర్ నడుపుతాడు. సైటు తయారైన కొత్తలో లక్ష్మణరావు ఒక బంధువుల పెళ్లిలో, అందరూ వింటుండగా, "సైటు కట్టడమేటి, తాటాకు పందిరి కట్టినట్టే, గుంజలు పాతితే అయిపోయింది," అన్నాడు. ఆ మాట అన్న చోట ధర్మేంద్ర పెరుగన్నం తింటున్నాడు. అప్పట్నుంచీ రాకపోకలు పల్చబడ్డాయి. ఇప్పుడు ఫోన్ చేసి అడిగితే, తనకు తెలియనిది ఒకటి బావమరిదికి తెలుసునని ఒప్పుకున్నట్టవుతుంది. యాభై ఏళ్లు దగ్గర పడుతున్నా లక్ష్మణరావు ఇంతవరకూ ఎవరి విషయంలోనూ అలా ఒప్పుకున్నవాడు కాదు. ఒప్పుకోవడమంటూ మొదలెడితే పెళ్లాం తమ్ముడితోనా మొదలెట్టడం?

"నీ తమ్ముడికేటి తెలుసు. దొంగెవడో నాకు తెలుసు," అన్నాడు.

ఆయన లెక్క సూటిగానే ఉంది. ఆ వీధిలో తాండ్ర కొట్లు రెండు. ఒకటి తనది. తన సొత్తు తానే దొంగిలించుకునేంత తెలివితక్కువవాడు కాదు తను. కాబట్టి దొంగ ఎదురుకొట్టు సూరయ్య.

సూరయ్య అరవై దాటిన మనిషి. బోర్డు మీద రంగు ఎప్పుడో వెలిసిపోయింది. చేతిలో ఉన్నది బటన్ల ఫోన్, దాంట్లోనూ ఆకుపచ్చ బటన్ ఒక్కటే ఆయనకు పరిచయం. మామూలు రోజుల్లో లక్ష్మణరావు ఆయన్ని "మావా" అంటాడు. ఆ రోజు కొట్టు ముందు నిలబడి పేరు పెట్టే పిలిచాడు.

"సూరయ్యా, నా సైటెందుకు ఎత్తుకుపోయావు?"

సూరయ్య తక్కెడ దించాడు. "ఏ సైటురా? కంటోన్మెంట్ కాడిదా? నీకక్కడ సైటున్నట్టు నాకు తెల్దే. ఎంత జాగా?"

"జాగా కాదు. ఇంటర్నెట్‌లోది."

"అదెటేపురా? గజపతినగరం రోడ్డా?"

"ఎటకారాలొద్దు. నా పటం, నా తండ్రి పటం పెట్టుకొని జనాన్ని మోసం సేస్తన్నావు."

"మీ నాన్న పటం నాకెందుకురా. ఉన్నన్నాళ్లూ ఎదుట కూకుని మనిషినే సూశాను కదా, అది సాలదా?"

కొట్లో తాండ్ర కొంటున్న ఇద్దరు ముగ్గురు ఇది శ్రద్ధగా విన్నారు. విన్నది విన్నట్టు తీసుకెళితే మోతాదు తక్కువవుతుందనుకున్నారేమో, పక్కవీధికి చేరేసరికి సూరయ్య లక్ష్మణరావు స్థలం ఆక్రమించుకున్నాడని, ఇంకో వీధి దాటేసరికి ప్రహరీగోడ కూడా లేపేశాడని స్థిరపడింది. మధ్యాహ్నానికి విలేకరి చినబాబు బండి దిగి కెమెరాతో సహా లక్ష్మణరావు కొట్లోకి వచ్చాడు.

"కబ్జా అంట కదా బాబూ. కాగితాలున్నాయేటి?"

కబ్జా స్థలానిది కాదని తెలిసి చినబాబు ముఖం వాడిపోయింది. లేచి వెళ్లబోయాడు. లక్ష్మణరావు చొక్కా సర్దుకుని కుర్చీలో వెనక్కి వాలి, జిల్లా ప్రజలనుద్దేశించి మాట్లాడటం మొదలెట్టాడు. తన పేరు మీద నకిలీ నడుస్తోందని, డాట్ ఇన్ అని ఉన్నదాన్ని ఎవరూ నమ్మవద్దని, మూడు తరాల పరువు మంటగలుస్తోందని చెప్పాడు. చినబాబు కలం తీశాడు.

"సైటొక్కటే నకిలీదా, తాండ్ర కూడానా?"

లక్ష్మణరావు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆయనకు ఆ అలవాటు లేదు. "సైటు నకిలీదైతే తాండ్ర అసలుదెలాగవుద్ది? అదీ నకిలీదే," అన్నాడు.

మర్నాడు పేపరులో జిల్లా పేజీ పైభాగాన పెద్దక్షరాలతో వచ్చింది: "విజయనగరంలో నకిలీ లక్ష్మణ తాండ్ర." దాని కిందే లక్ష్మణరావు ఫోటో, నవ్వుతూ. ఆ పేపరువాళ్లు అదే వార్తను తమ ఇంటర్నెట్ పేజీలో కూడా పెట్టారు. లక్ష్మణరావు ఒక కట్ట పేపర్లు కొనుక్కొచ్చి గల్లాపెట్టె పక్కన పేర్చాడు. పద్మకుమారి ఒకటి తీసి రెండుసార్లు చదివింది.

"ఏవండీ, ఇది సదివితే మీరే నకిలీలా ఉన్నారు."

"సదవడం రానోళ్లకి అలాగే ఉంటాది."

పేరు పేపర్లో పడ్డాక మనిషిలో కొత్త ఊపు వచ్చింది. బి.కాం. చదివిన తెలివినంతా కూడగట్టుకుని గూగుల్‌కే నేరుగా ఫిర్యాదు పెట్టాడు. అసలు సైటు చిరునామా ఏది, దాన్ని చూసి కాపీ కొట్టిన సైటు చిరునామా ఏది అని అందులో రెండు గళ్లున్నాయి. ఇంగ్లీషు చదవడం ఆయనకు రాక కాదు. ఫిర్యాదంటే ముందు ముద్దాయి పేరే రాస్తారన్న గట్టి నమ్మకం ఉన్నవాడికి చదవాల్సిన అవసరం కనిపించదు. మొదటి గడిలో డాట్ ఇన్, రెండో గడిలో డాట్ కామ్ రాసి, పైన రాసినదంతా నిజమని ఒట్టు వేసి పంపేశాడు.

అంతటితో ఊరుకుంటే ఒక సైటన్నా మిగిలేది. ఆ డాట్ ఇన్ సైటుకు చోటు అద్దెకిచ్చిన కంపెనీ హైదరాబాదులో ఉందని కనిపెట్టి అక్కడికి ఫోన్ చేశాడు.

"ఆ లక్ష్మణ తాండ్ర డాట్ ఇన్ ఈ క్షణమే మూసీండి."

"సారీ సార్, ఓనర్ చెబితే తప్ప క్లోజ్ చెయ్యలేం," అందొక అమ్మాయి.

"ఓనరేటమ్మా? లక్ష్మణ తాండ్రకి ఓనర్ని నేను కాక ఇంకెవరు? లక్ష్మణరావుని మాట్లాడతన్నాను."

అటువైపు కాసేపు టకటకమని మీటలు నొక్కిన చప్పుడు. "అవును సార్, ఈ నంబరే ఉంది. ఫైల్స్ కూడా డిలీట్ చేసెయ్యమంటారా?"

"ఆనవాళ్లు కూడా ఉండకూడదు."

"ఓకే సార్, అయిపోయింది."

లక్ష్మణరావు ఫోన్ పెట్టేసి పెళ్లాం వైపు తిరిగాడు. "సూశావా? హైదరాబాద్‌లో కూడా నా పేరు సెప్తే పనైపోతన్నాది."

అదే ఊపులో పోలీస్ స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు. అక్కడి ఎస్సై ఓపిక గల మనిషి. నాలుగు రోజుల తర్వాత కబురు పెట్టాడు. లక్ష్మణరావు ఇస్త్రీ చొక్కాలో వెళ్లి కూర్చున్నాడు.

"రావుగారూ, ఆ డాట్ ఇన్ పేరు ఎవరు కొన్నారో మావాళ్లు వెతికారు," అన్నాడు ఎస్సై. "ఇంకా వివరాలు రావాలి గాని, ఫోన్ నంబరు మాత్రం దొరికింది. ఇప్పుడే చేస్తాను. గొంతు గుర్తుపట్టగలరా?"

"గొంతు పట్టుకోమన్నా పట్టుకుంటానండి."

ఎస్సై తన ఫోన్ తీసి నంబరు నొక్కాడు. సరిగ్గా అప్పుడే లక్ష్మణరావు జేబులో ఫోన్ మోగింది.

"ఒక్క నిమిషమండి, ఎవరో సేస్తన్నారు," అని దాని గొంతు నొక్కేశాడు.

"కట్ చేశాడు," అన్నాడు ఎస్సై. "గడుసువాడే."

"నేను సెప్పలేదేటండి? మళ్లీ సెయ్యండి, ఒగ్గొద్దు."

ఎస్సై మళ్లీ చేశాడు. లక్ష్మణరావు జేబు మళ్లీ మోగింది. విసుగ్గా తీసి చూసి, "ఏదో తెలీని నంబరు. పనున్నప్పుడే ఏడుస్తారు," అంటూ మళ్లీ నొక్కేశాడు.

"మళ్లీ కట్ చేశాడండి."

"పొగరు సూడండి ఆడికి. పోలీసులంటే బయ్యం లేదు."

తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ లక్ష్మణరావు జేబు వైపు చూశాడు. తర్వాత ఎస్సై వైపు చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగిపోయాడు. ఎస్సై మూడోసారి నంబరు నొక్కి, ఫోన్ చెవికి ఆనించుకుని, "ఈసారి ఎత్తండి," అన్నాడు.

లక్ష్మణరావు ఎత్తాడు. "హలో, ఎవరండి?"

"ఎస్సైని మాట్లాడుతున్నా," అంది ఫోన్. బల్లకు అవతలనుంచి కూడా అదే మాట వినిపించింది. "మీరెవరు?"

లక్ష్మణరావు ఫోన్ చెవినుంచి తీసి దాని ముఖం చూశాడు, మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నా నంబరు కూడా కాజేశాడండి సూరయ్య," అన్నాడు చివరికి. కాని ఆ మాటలో మునుపటి జోరు లేదు. చెమటకి ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఆ సైటు మీకు ఎవరు కట్టారు?"

ఇక తప్పలేదు. ఎస్సై ఎదురుగానే ధర్మేంద్రకు ఫోన్ చేశాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టమన్నాడు ఎస్సై.

"డాట్ ఇన్నా? అది నువ్వే కొనిపించావు కదా బావా," అన్నాడు ధర్మేంద్ర. "సూరయ్య మావ కొనీస్తాడేమో, ముందు మనమే కొనీద్దామని నా పేనం తీశావు. నేనప్పుడే సెప్పాను. ఒకే సైటు రెండు పేర్ల మీద పెడితే గూగుల్ రెండూ సూపించదు, ఒక్కటే సూపిస్తాది. ఏది అసలో మనం సెప్పకపోతే దానిష్టం. ఒక రోజు ఇది, ఒక రోజు అది. అందుకని డాట్ ఇన్‌కి వచ్చినోళ్లని డాట్ కామ్‌కి మళ్లించీద్దాం, లేదంటే డాట్ కామే అసలని లోపల ఒక ముక్క రాసీద్దాం అన్నాను. దానికి నువ్వేటన్నావు?"

లక్ష్మణరావు గోడకున్న నేరస్థుల ఫోటోలను పరిశీలిస్తున్నాడు.

"ఏమన్నారు?" అని ఎస్సై ఫోన్ వైపు వంగి అడిగాడు.

"'రెండూ అసలే, రెండు చోట్లా నేనే కనపడాల' అన్నాడండి."

కానిస్టేబుల్ బయటకు వెళ్లి దగ్గాడు. ఎస్సై ఫిర్యాదు మూసి పక్కన పెట్టాడు. "రావుగారూ, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాను గాని, ఆ పిల్ల మీద కేసు పెట్టినవాణ్ణి ఇదే చూడటం," అన్నాడు.

అంత జరిగినా లక్ష్మణరావు ముఖంలో ఓ వెలుగు వచ్చింది. దొంగ లేడు. పోయిందీ లేదు. "సరేరా, అయితే ఇప్పుడు ఆ మళ్లించడమేదో మళ్లించీ. రేపే విశాఖ ఆవిడొస్తాది," అన్నాడు ఫోన్‌లో.

"ఎంతసేపు బావా, ఇప్పుడే సేసీస్తాను." మీటల చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆగింది. "డాట్ ఇన్ తెరుసుకోదేటి?"

"అది నేనే మూయించీసినాను."

"ఫైళ్లు?"

"ఆనవాళ్లు ఉండకూడదన్నాను."

మళ్లీ మీటల చప్పుడు. "పోనీ డాట్ కామ్ ఉంది కదా. ఇది తెరుసుకుంటంది గాని గూగుల్‌లో రాట్లేదే. ఎవరో ఫిర్యాదు సేస్తే తీసీసినారంట. దొంగ సైటని ఒట్టేసి మరీ రాశాడంట. ఎవడు బావా ఆ త్రాష్టుడు?"

ఎస్సై చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. లక్ష్మణరావు గొంతు తగ్గించి, "పేర్లు అటుదిటు రాసినట్టున్నానురా," అన్నాడు.

ధర్మేంద్ర దెప్పలేదు, అదే లక్ష్మణరావుకి ఎక్కువగా గుచ్చుకుంది. "తిరిగి పెట్టమని రాద్దాంలే బావా. వారాలు పడతాది. అందాకా నీ పేరు కొడితే పేపరోళ్ల వార్తొక్కటే వస్తాది."

మర్నాడు యమున వచ్చింది. లక్ష్మణరావు కొట్టంతా కడిగించి, ఆ ఏడు తీసిన మేలైన తాండ్ర కోసి పళ్లెంలో పెట్టించాడు. ఆవిడ ఒక ముక్క తిని, ఇంకో ముక్క తీసుకుంది. "చాలా బాగుందండి," అంది. మనస్ఫూర్తిగానే అంది. తర్వాత బ్యాగులోంచి ఫోన్ తీసింది.

"మీ సైట్ చూద్దామని దారిలో వెతికానండి. ఇదొక్కటే వచ్చింది."

తెర మీద లక్ష్మణరావు నవ్వుతున్నాడు. పైన "నకిలీ లక్ష్మణ తాండ్ర."

"అది పొరపాటండి. నకిలీ ఏటీ లేదు."

"అంటే లేని నకిలీ మీద మీరే పేపర్‌కి చెప్పారా?"

"లేదని కాదండి. ఉన్నాది."

"ఎవరిది?"

లక్ష్మణరావు లోపలి గుమ్మం వైపు చూశాడు. పద్మకుమారి అక్కడే నిలబడి ఉంది. సాయం వస్తుందేమోనని చూశాడు గాని, ఆవిడ ముఖంలో సాయం చేసే ఉద్దేశం ఏ కోశానా లేదు. "నాదేనండి. రెండూ నేనే," అన్నాడు.

యమున ఫోన్ బ్యాగులో పెట్టుకుంది. "మీ సరుకు గురించి నాకే అనుమానం లేదండి. కాని పైవాళ్లకి నేనేమని రాయను? తాండ్ర నకిలీదనా, ఫిర్యాదు నకిలీదనా?" ఆవిడ మర్యాదగానే లేచింది, మర్యాదగానే నమస్కారం పెట్టింది. అందువల్ల బతిమాలుకోవడానికి కూడా సందు దొరకలేదు.

బయట ఎండ పేల్చేస్తోంది. ఆవిడ కారు ఎక్కడో దూరంగా నీడలో ఆగి ఉంది. కారు కోసం ఎదురుచూస్తూ నిలబడితే ఎదురుకొట్లోంచి సూరయ్య పిలిచి, పీట వేసి, చల్ల ఇచ్చాడు. లక్ష్మణరావు తన కొట్లోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. చల్ల తర్వాత తాండ్ర ముక్క వెళ్లింది. ముక్క తర్వాత ఆవిడ ఫోన్ తీసి సూరయ్య పేరు అడిగి ఏదో టైపు చేసింది. తెర పైకి, కిందికి జరిపింది. వీధి ఇరుకు కాబట్టి మాటలు కూడా వినపడ్డాయి.

"మీ గురించి ఏమీ రావట్లేదేమిటండి?"

"రాడానికి నేనేటి సేశానమ్మా," అన్నాడు సూరయ్య.

ఆవిడకు ఆ జవాబు నచ్చింది. మంచి రాకపోతే పోనీ, చెడ్డ కూడా రాని వ్యాపారి దొరకడం ఈ రోజుల్లో కష్టం. కారు వచ్చేలోపు మాట ఖాయమైపోయింది.

ఆ తర్వాత లక్ష్మణరావు రెండు రోజులు కొట్టు తెరవలేదు. ధర్మేంద్ర వచ్చి డాట్ కామ్ బాగుచేసి, డాట్ ఇన్‌ను దానికి మళ్లించి, "ఇక ఇదొక్కటే అసలు బావా," అని చెప్పి, అక్క పెట్టిన భోజనం చేసి వెళ్లాడు. లక్ష్మణరావు దగ్గరుండి వడ్డించాడే గాని, తాటాకు పందిరి ఊసెత్తలేదు. క్షమాపణ అనడానికి ఆయన వంశంలో ఇంతకంటే పెద్ద మాట లేదు.

విశాఖ వాళ్లు అడిగినంత సరుకు సూరయ్య చాపల మీద ఎండేది కాదు. చూస్తే ఆకాశం మబ్బు వేస్తోంది, వానలు పడితే ఆ ఏటికి తాండ్ర పని ఆఖరు. ఒక సాయంత్రం ఆయనే వీధి దాటి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒరే లక్ష్మణా, నీ సరుకంతా ఉండిపోయింది కదా. నా పేరు మీద పంపించీద్దాం. ఏటంటావు?"

లక్ష్మణరావు కొట్టు లోపలికి చూశాడు. కప్పు దాకా పేర్చిన తాండ్ర. ఒక్కో కట్ట మీదా తన పేరు, తన తండ్రి పేరు, ఎర్రక్షరాల హెచ్చరిక. ఆ కాగితాలన్నీ ఊడదీసి సూరయ్య కాగితాలు అంటించాలి. పౌరుషం గొంతు దాకా వచ్చింది. తాండ్ర కప్పు దాకా ఉంది.

"అలాగే మావా," అన్నాడు.

నెల తిరక్కుండానే యమున సూరయ్యకు ఫోన్ చేసి, మీ తాండ్ర రెండు రకాల రుచితో వస్తోందని, మధ్యలో ఎవరో నకిలీ కలుపుతున్నట్టున్నారని, కాస్త కనిపెట్టి ఉండమని చెప్పింది.